ఆరు బర్రెల పెండ

జాహేదాది మహబూబ్‌నగర్. హైదరాబాదులో పశువైద్య పరిశోధన చేస్తోంది. తొంభై ఏడు ఎండాకాలంలో జడ్చర్ల దగ్గరి ఒక ఊళ్లో ఆరిళ్లకు సీసాలు పంచింది.

"వరిగడ్డి తినే బర్రె కడుపుల ఒక తీరు పురుగులుంటయి, జొన్నచొప్ప తినేదాని కడుపుల ఇంకో తీరు. కండ్లకు కానరావు. పొద్దుగాల పెండ కింద వడకముందే సీసల పట్టియ్యుండ్రి అక్కా," అని చెప్పింది. మర్నాడు నిండిన సీసాలను ఐసు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కింది.

ప్రయోగశాలలో ఆ పేడలోని సూక్ష్మజీవుల డి.ఎన్.ఏ.ను వేరుచేసి, యంత్రంలో దాన్ని కోట్ల రెట్లు పెంచి, జెల్ పలకలోకి కరెంటు పంపింది. ఒక్కో రకం సూక్ష్మజీవి ఒక్కో గీతగా తేలాలి. ఆ పలకకు తీసిన ఫొటోలో ఆరు బర్రెల వరుసలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి.

ఆమె గురువు రామచంద్రం మురిసిపోయారు. "మేత ఏదైనా కడుపు ఒక్కటే. ఇది చాలా పెద్ద సంగతమ్మా," అంటూ వ్యాసానికి పేరు కూడా ఆలోచించారు. జాహేదాకు మింగుడుపడలేదు. కవలపిల్లలకైనా ఇంత పోలిక ఉండదు. మళ్లీ ఆ ఊరికి పోయింది.

ఆ ఆరిళ్ల ఆడవాళ్లూ వాళ్లలో ఒకరైన పుష్పమ్మ అరుగు మీద చేరారు. పెండ మీ బర్రెలదేనా అని అడిగితే ఒట్టేసి మరీ అవునంటారని జాహేదాకు తెలుసు. అందుకే చాయ్ తాగుతూ తాపీగా అంది.

"పరీక్షల గమ్మతి సంగతి తేలింది. ఆరు బర్రెలు ఒక్కతాన్నే మేసినయట. జొన్నచొప్ప మస్తుగ తిన్నయట."

బిక్షమ్మ గ్లాసు కింద పెట్టింది. కొన్నాళ్లుగా ఆమె వాములో చొప్ప తరుగుతోంది. దొంగ దొరకలేదని సీసా తీసుకున్ననాడే జాహేదాతో చెప్పుకుంది.

"గది నా చొప్పనే," అంది అందరి ముఖాలూ చూస్తూ.

నర్సింగమ్మ లేచి నిలబడింది. "నా బర్రె నీ చొప్ప ముట్టలే. అసలు దాని పెండ సీసల వడనే లేదు. ఎన్కకు వోతె తన్నుతది. పుష్పమ్మనే నింపిచ్చింది."

"నాది గూడ గంతే," అంది గోవిందమ్మ. మిగతావాళ్లదీ అదే మాట. చివరికి బిక్షమ్మ కూడా నసిగింది. "నేను గూడ పుష్పమ్మకే ఇచ్చిన."

"నేనేం జెయ్యాలె?" అంది పుష్పమ్మ. "మా బర్రె ఒక్కటే కదలకుంట నిలవడతది. పొద్దుగాల్నే అందరు నా కొట్టంకాడ లైను గట్టిరి. గని మా బర్రె తినేది వరిగడ్డి. చొప్పల మూతి గూడ వెట్టదు."

బిక్షమ్మ మెల్లగా జాహేదా వైపు తిరిగింది. "మరి చొప్ప తిన్నదని మిషన్ ఎట్ల జెప్పింది బిడ్డా?"

జాహేదాకు చాయ్ పొరబోయింది. నర్సింగమ్మే ఆమె తల మీద తట్టి, "మాకంటె నాలుగాకులు ఎక్కువనే సదివినవ్," అని నవ్వింది.

మర్నాడు జాహేదా తానే ప్రతి బర్రె వెనకా సీసా పట్టుకుని నిలబడింది. నర్సింగమ్మ బర్రె నిజంగానే తన్నింది. సీసా ఎగిరి పెంటకుప్పలో పడితే, ఇంకోటి పట్టుకుని మళ్లీ నిలబడింది.

ఈసారి గీతలు వేరువేరుగా వచ్చాయి. రామచంద్రం తన వ్యాసం పేరును నిట్టూర్చి కొట్టేశారు. జాహేదా ఫొటోను ఊరికి తెచ్చి చూపించింది. ఆడవాళ్లు ఎవరి బర్రె వరుస ఏదో అడిగి తెలుసుకుని గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అన్నిటికన్నా తక్కువ పుష్పమ్మ బర్రెకే వచ్చాయి.

"అందరి పనికి నా బర్రె గావాలె, గీతలు మాత్రం దానికే తక్కువ," అని పుష్పమ్మ మూతి ముడిచింది. "ఇంకోపారి తియ్యి బిడ్డా. గప్పుడు దానికి ఒంట్ల బాగలేకుండె."