అప్పగింతల పాట ఆర్కెస్ట్రా ఎక్కిన రోజు

నేను ఒక క్లారినెట్‌ను. ఐదు ముక్కల నల్లకర్ర, దానికి వెండిపూత మీటలు. దేశంకాని దేశంలో పుట్టి, ఒక పటాలం బ్యాండులో కవాతులు వాయించి, పాతబడ్డానని వాళ్లు వదిలేస్తే విజయనగరం పెళ్లిమేళంలో చేరాను. యుద్ధానికి పనికిరానివాళ్లు పెళ్లికి పనికొస్తారని మనుషుల నమ్మకం.

నన్ను వాయించే సన్యాసిరావుది పెద్ద ఊపిరి. వీధిలో డోలు మోతకు నా కింది స్వరాలు ఎవరికీ వినపడవు. అందుకని డోలు ఆగాక, అప్పగింతలప్పుడు, వాటినే వాయించేవాడు. అందరూ ఏడుపుల్లో ఉంటారు కనక అప్పుడూ ఎవరూ వినరు.

ఒక పెళ్లిలో మాత్రం ఒకావిడ వింది. విశాఖపట్నంలో పాశ్చాత్య సంగీతం నేర్పే ఫిలోమినా టీచరు. తింటున్న విస్తరి ముందు నుంచి లేచి వచ్చింది.

"ఈ పాట ఎవరు కట్టారండీ?"

"ఎవులూ కట్నేదమ్మగారూ. పిల్ల ఎల్లిపోతంటే అలా వొచ్చేస్తాది."

ఆ పాటను నడుమ పెట్టి ఆవిడ ఏడాదిపాటు మూడు భాగాల కన్సర్టో ఒకటి రాసింది. ముందు నేనొక్కదాన్ని, వెనక నలభైమంది ఆర్కెస్ట్రా. సన్యాసిరావుకు కాగితం మీద స్వరాలు రాసే వాళ్ల నొటేషన్ చదవడం రాదు. ఆవిడ పాడేది, ఆయన పట్టేవాడు. ఆయన మార్చి వాయిస్తే, ఆవిడ రాసింది కొట్టేసి ఆయనదే రాసుకునేది.

రిహార్సల్ రోజున, ఆర్కెస్ట్రాను చేతి సైగలతో నడిపించడానికి మద్రాసు నుంచి వచ్చిన కండక్టరు సుదర్శనం గారు ఒప్పుకోలేదు. "కాగితం చదవలేని మనిషికి నా చేతి సైగ ఎలా తెలుస్తుందమ్మా? మా క్లారినెట్ ఆయన వాయిస్తాడు."

"అయితే నా కాగితాలు ఇచ్చేయండి" అంది టీచరు.

సన్యాసిరావు నెమ్మదిగా అన్నాడు: "పంతులుగారు చెయ్యెత్తితే గట్టిమేళం లేస్తాది, దించితే ఆగిపోద్ది. ముప్పయ్యేళ్లుగా చెయ్యి చూసే వాయిస్తన్నాను బాబూ. ఒక్కపాలి ఎత్తి సూడండి."

కండక్టరు చెయ్యెత్తాడు. మూడు భాగాలూ అయ్యేదాకా, ఎవరో తప్పారని ఆ చెయ్యి ఎక్కడా ఆగాల్సి రాలేదు. చివర్న ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "రేపు సాయంత్రం ఆరింటికి రండి" అన్నాడు.

మర్నాడు హాలు నిండింది. నడిమి భాగంలో నా కింది స్వరం ఆఖరి వరసదాకా వెళ్లడం నేనే విన్నాను. అయిపోయాక జనం ఒక్కసారిగా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. టీచరు చెయ్యి పట్టుకుని లాగితే గానీ సన్యాసిరావు ముందుకు రాలేదు.

తెర వెనక, ఆర్కెస్ట్రా క్లారినెట్ ఆయన తన మెరిసే వాద్యంతో వచ్చాడు. "ఆ రెండో భాగం నాకు నేర్పుతారా?"

సన్యాసిరావు కుర్చీ జరిపాడు. "కాగితం పక్కనెట్టి కూకోండి బాబూ. ముందు ఇనండి."

నన్ను తుడవనైనా తుడవకుండా మళ్లీ పెదవులకెత్తాడు.