మూడో బండి

ఇంటర్వ్యూలో నన్ను ఐదు ప్రశ్నలు అడిగారు. మూడింటికి జవాబు తోచక ఊరుకున్నాను. "ఈ అమ్మాయికి వినే గుణం ఉంది" అని బోర్డులో పెద్దాయన మెచ్చుకుని ఉద్యోగం ఇచ్చేశారు. అలా నేను జైల్లో మాజీ సైనికుల సహాయాధికారినయ్యాను. సైన్యంలో పనిచేసి వచ్చాక ఏదో నేరం చేసి లోపల పడ్డవాళ్ల చేత మాట్లాడించాలి, బయటికెళ్లాక బతికే దారి చూపించాలి. పల్లెటూరి బడిలో హాజరు పిలిచినప్పుడు తప్ప నోరు తెరవని నేను, మనుషుల చేత మాట్లాడించడానికి జీతం తీసుకుంటున్నాను.

నాకిచ్చింది వంటశాల పక్కన పాత సామాన్ల గది. ఏడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, కిర్రుమనే ఫ్యాను. మంగళవారం మధ్యాహ్నాలు ఆరుగురు వచ్చి కూర్చునేవారు. శిక్షణలో నేర్పినట్టు, "ఈ వారం మీ మనసు ఎలా ఉంది?" అని అడిగేదాన్ని.

"మనసుకేం మేడమ్, నడుమే పట్టేసింది" అనేవాడు నడుంనొప్పి ఆయన.

మిగతావాళ్లు ఫ్యాను వంక చూసేవారు. నేనూ చూసేదాన్ని. అలా నలభై నిమిషాలు. ఒకసారి జైలరు గారు తలుపు దగ్గర నిలబడి, "ఇదేదో కొత్త పద్ధతిలా ఉందే" అని తలాడించి వెళ్లారు. పద్ధతీ పాడూ ఏం లేదు, నాకు రెండో ప్రశ్న గుర్తు రాలేదు.

ఆ ఆరుగురికీ పెద్ద కర్నలు. అది వాళ్లు పెట్టుకున్న పేరు. నిజానికి ఆయన సైన్యంలో ఇరవై రెండేళ్లు వంటవాడు. ఆకలి మీదున్న నాలుగు వందల మందిని వరసలో నిలబెట్టిన గొంతు కాబట్టి, ఆ పేరుకి ఎవరూ అడ్డు చెప్పలేదు.

అందరిలోకీ మాట్లాడనివాడు డ్రైవరు. సైన్యంలో ట్రక్కు నడిపాడు, వచ్చేశాక సరుకుల లారీ నడిపాడు. ఒకరోజు గోడౌన్ దగ్గర లారీ వెనక్కి తీస్తుంటే, ఒక కూలీ వెనక పలక మీద దబదబా బాదాడు. డ్రైవరు సీటు కింది వీల్ స్పానరు తీసుకుని దిగి, దానితో అతన్ని కొట్టాడు. కూలీకి ఒక కన్ను పోయింది. కోర్టులో "కొట్టాను" అన్నాడు తప్ప ఎందుకో చెప్పలేదు. ఏడేళ్లు వేశారు. ఐదు గడిచాయి.

ఇప్పుడు అతని ఫైలు ముందస్తు విడుదల కమిటీకి వెళ్లింది. కాదంటే మిగిలిన రెండేళ్లూ లోపలే. అతని అక్క టైర్ల షాపు నడుపుతుంది. తమ్ముడి కోసం షాపులో పని, మేడ మీద గది సిద్ధం చేసి పెట్టుకుంది. నాకు ఫోన్ చేసేది.

"ఇంకో రెండేళ్లంటే నేను ఆగుతాను తల్లీ. వాడే ఆగడు. పోయినసారి చూడ్డానికొస్తే నన్ను 'మీరు' అన్నాడు. చిన్నప్పుడు నా జడ పట్టుకుని లాగినవాడు."

కమిటీకి నేనొక నివేదిక రాయాలి. ఇతను ఎందుకు కొట్టాడు, మళ్లీ కొడతాడా అని. అతను నాతో ఎనిమిది నెలల్లో మాట్లాడిన మాటలు "నమస్తే మేడమ్", "వస్తాను మేడమ్". సైనిక రికార్డులో ఒకే ఒక్క వాక్యం ఉంది: వరసగా వెళ్తున్న సైనిక బండ్ల మీద దాడి జరిగిన రోజు ఇతను ఒక బండి డ్రైవరు. చాలు. బడిలో వ్యాసరచన బహుమతులు అన్నీ నావే. ఆ ఒక్క వాక్యాన్ని రెండు పేజీలు చేశాను. ముందు బండి పేలిందన్నాను. ఇతను ప్రాణాలకు తెగించి తన బండి ఆపి, గాయపడ్డవాళ్లను భుజాన మోశాడన్నాను. రాస్తూ రాస్తూ నాకే కళ్లు చెమర్చాయి. సంతకం పెట్టి పంపేశాను.

పంపాక తెలిసింది, కమిటీ ముందు నిలబడి నోటితో కూడా చెప్పాలట.

ఆ మంగళవారం మనసు సంగతి అడగడం మరిచిపోయి, "నాకు భయంగా ఉందండీ. ముగ్గురి ముందు మాట్లాడలేను. నా వల్ల ఈయన పని చెడిపోతుందేమో" అన్నాను.

ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆరుగురూ ఫ్యాను వదిలేసి నా వంక చూశారు.

"ఎన్ని రోజులుంది?" అన్నాడు కర్నలు.

"తొమ్మిది."

"చాలు. లేచి నిలబడమ్మాయ్."

అంతవరకూ నేను మేడమ్‌ని. కర్నలు వార్డరును బతిమాలి రోజూ గంటసేపు అనుమతి తీసుకున్నాడు. బల్ల మధ్యకి జరిపారు. నడుంనొప్పి ఆయన్ని కమిటీ అధ్యక్షుణ్ణి చేశారు.

"గడ్డం పైకి. చున్నీ కొస నలపకు, అదేం పాపం చేసింది? కళ్లలోకి చూడలేకపోతే కనుబొమ్మల మధ్య చూడు. గొంతేదీ? గోడకి వినపడాలి, గోడకి!"

ఎవరు ఎవర్ని బాగుచేస్తున్నారో వార్డరుకి అర్థం కాలేదు. నాకు బాగానే అర్థమైంది గానీ బయటికి చెప్పలేదు.

మూడోరోజు గోడకి వినపడింది. అధ్యక్షుడు నడుం పట్టుకుని ముందుకు వంగి, "దాడి రోజు ఇతనేం చేశాడు?" అని అడిగాడు.

"అధ్యక్షా, నాలుగో బండి ఇతనిది. ముందున్న బండి పేలింది. ఇతను వెంటనే తన బండి ఆపి..."

"మూడోది" అన్నాడు డ్రైవరు.

అందరం అటు తిరిగాం.

"నాది మూడో బండి. పేలింది నా వెనకది. నేను ఆపలేదు."

కర్నలు తన కుర్చీని అతని వైపు తిప్పుకున్నాడు.

"ఏం జరిగినా ఆపొద్దని ఆర్డరు. వెనక బండిలోంచి ఒకడు బయటపడి పరిగెత్తుకొచ్చాడు. నా బండి వెనక పలక మీద బాదాడు. ఆపరా, ఆపరా అని. గొంతు గుర్తుపట్టాను. బ్యారక్‌లో నా పక్క మంచం వాడిది. గేరు మార్చి వేగం పెంచాను."

మళ్లీ తనే అన్నాడు. "గోడౌన్ దగ్గర అదే బాదుడు. ఆ కూలీ తప్పేం లేదు. చక్రం కింద బస్తా పడిందని చెప్పడానికి బాదాడంట. కోర్టులో విన్నాను."

నేను చున్నీ నలుపుతున్నాను. ఎవరూ కసరలేదు.

"నాలుగో బండని మీకెవరు చెప్పారు మేడమ్?"

"ఎవరూ చెప్పలేదు. నేనే..."

"ఆపానని?"

"అదీ నేనే."

"కాగితం వెళ్లిపోయిందా?"

"వెళ్లిపోయింది."

"పిల్లకి నోరు లేదనుకుంటే చేతులున్నాయిరోయ్!" అన్నాడు నడుంనొప్పి ఆయన. నవ్వబోయిన ఒకరిద్దరు డ్రైవరు మొహం చూసి ఆపుకున్నారు.

"పోనీలేరా, ఉండనీ. నీకు మంచే చేస్తుంది కదా" అన్నాడు కర్నలు.

"ఆ పక్క మంచం వాడి ఇంట్లోవాళ్లెవరైనా అది చదివితే?" అన్నాడు డ్రైవరు. "దాని మీద నేను బయటికి రాను."

మిగిలిన ఆరు రోజులూ నాకు ఒకే వాక్యం సాధన చేయించారు.

కమిటీ గదిలో పొడవాటి బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో తెల్లజుట్టు పెద్దావిడ. డ్రైవరు నా పక్కన నిటారుగా నిలబడ్డాడు. నేను ఆవిడ కనుబొమ్మల మధ్య చూసి, గోడకి వినపడేట్టు అన్నాను. "నా నివేదికలో రెండు పేజీలూ అబద్ధమండీ."

"అంటే?"

"కల్పించాను."

"ఎందుకు?"

ఈ ప్రశ్న సాధనలో లేదు. "బాగుంటుందనిపించిందండీ."

చివర కూర్చున్నాయనకి మంచినీళ్లు పొలమారాయి.

"ఇంకేం కల్పించావు?" అంది పెద్దావిడ.

"వాన. ఆ రోజు వాన పడుతోందని రాశాను. పడిందో లేదో నాకు తెలియదు."

"పడలేదు" అన్నాడు డ్రైవరు.

ఆవిడ ఫైలు మూసేసింది. అతన్ని ఇంకో రెండేళ్లు లోపలేసి నా చేత్తో నేనే తలుపు మూసినట్టు అనిపించింది. ఆవిడ అతని వైపు తిరిగి, "అయితే నువ్వే చెప్పు" అంది.

చెప్పాడు. మూడో బండి, ఆర్డరు, బాదుడు, గేరు, బస్తా. "అతని కన్ను నేను తీశాను. ఆర్డరు తియ్యలేదు" అన్నాడు. నా రెండు పేజీలకన్నా తక్కువ మాటలు పట్టాయి.

"మళ్లీ ఎవరైనా అలా బాదితే?"

"తెలియదండీ. అందుకే బండి నడపను. అక్క షాపులో కింద కూర్చుని చేసే పనుంది. ఈ మేడమ్ దగ్గరికి వారం వారం వస్తాను, రానిస్తే."

మమ్మల్ని వరండాలో అరగంట నిలబెట్టారు. తర్వాత గుమాస్తా రెండు కాగితాలు తెచ్చాడు. ఒకటి అతనికి: విడుదల, ఏడాదిపాటు ప్రతివారం నా గదికి రావాలన్న షరతుతో, శుక్రవారం నుంచి. రెండోది నాకు: తప్పుడు నివేదిక ఎందుకిచ్చారో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

డ్రైవరు తన కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. "అక్కకి చెప్తారా మేడమ్?" అన్నాడు.

ఫోన్ చేసి చెప్పాను. అటువైపు టైర్లలో గాలి కొట్టే మిషను మోత ఆగిపోయింది.

"ఏం చెప్పాడమ్మా వాడు? ఎందుకు కొట్టాడంట?"

"మీరే అడగండి. చెప్తాడు."

ఆవిడ ముక్కు చీదుకుంది. "సరే, శుక్రవారం పొద్దున్నే వచ్చేస్తాను. ఏ గేటు దగ్గర నిలబడమంటావు?"

ఆ జైలుకి మూడు గేట్లున్నాయి. నేను రోజూ వచ్చిపోయేది సిబ్బంది గేటు. మనుషుల్ని బయటికి పంపే గేటు ఏదో నాకు తెలియదు. మనుషుల్ని బయటికి పంపే ఉద్యోగంలో ఎనిమిది నెలలుగా ఉన్నాను.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండక్కా" అని, వార్డరును అడగడానికి పరిగెత్తాను.