కిటికీలు తెరవని గది

సంగీతం టీచర్లను తయారుచేసే ఆ కాలేజీలో మేడమీది గది కిటికీలు ఎవరూ తెరిచేవారు కాదు. ఆ గదిలో పాట సగంలో ఆపేస్తే, ఆ సగం ఎక్కడికీ పోకుండా ఫ్యాను కింద సన్నగా వినబడుతూ ఉండిపోయేది. ఎవరో ఒకరు పూర్తిచేస్తేనే వెళ్లిపోయేది. ఊడ్చే ఆవిడ దానికి తగలకుండా తల వంచుకుని ఊడ్చి వెళ్లేది, అంతే.

మామూలుగా అలాంటివి రెండు మూడు రోజుల్లో ఎవరో ఒకరు పాడేసేవారు. ఒక్కటి మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంది. అది పెద్ద టీచరు కూతురిది. మాట తడబడే ఆ పిల్ల ఇక్కడే తల్లి దగ్గర పాట నేర్చుకుంటూ, చరణం మధ్యలో అలిసిపోయి రేపు పాడతానంది. ఆ రాత్రి వచ్చిన జ్వరంతోనే పోయింది. నోటిదాకా వచ్చినా ఆ చరణాన్ని ఎవరూ అందుకునేవారు కాదు. పెద్ద టీచరు రోజూ పొద్దున్నే వచ్చి, తలుపు వేసుకుని వినేది. బయటి చప్పుడు దానిమీద పడకూడదని కిటికీలు తెరవనిచ్చేది కాదు. ఆమెకి మిగిలింది అదే.

ఆ ఏడు శిక్షణకి వచ్చినవాళ్లలో ఒకమ్మాయిని అందరూ రైలుబండి అనేవారు. గొంతు బంగారం, ఓపిక సున్నా. మాట ఆలస్యంగా వచ్చే పిల్లలు పక్క బడి నుంచి పాఠానికి వస్తే, వాళ్లు నోరు తెరిచేలోపే మిగతా పాట తనే పాడేసేది.

"పాపం, ఇబ్బంది పడుతున్నారు కదండీ!"

"ఇబ్బంది పడేది నువ్వమ్మా. కాసేపు ఊరుకోలేవు. వాళ్ల వంతు వాళ్లకి ఉంచు," అనేది పెద్ద టీచరు.

ఆఖరి పరీక్ష రోజున చక్రాల కుర్చీతో సహా ఒక పిల్లని ఆ మేడమీది గదికి మోసుకొచ్చారు. ఇంతవరకు ఎవరి ముందూ పాడలేదట. ఈసారి కూడా తొందరపడితే రైలుబండి ఇక ఇంటికే. ఆమె ఒక వరస పాడి, పెదవి కొరుక్కుని కూర్చుంది.

పిల్ల ఆమె వైపు చూడనే లేదు. తలెత్తి, ఫ్యాను కింద ఉన్న సగం చరణాన్ని వింటోంది. మెడ నరాలు బిగిశాయి. దవడ మెల్లగా కదిలింది.

రైలుబండి గబుక్కున పెద్ద టీచరు వైపు తిరిగింది.

"టీచరుగారూ, అది మీ అమ్మాయిది... ఆపమంటారా?"

పెద్ద టీచరు కుర్చీలోంచి ముందుకి వంగింది. ఆపమనాలని ఆమెకి ఎంత ఉందో! చేయి సగం లేచింది కూడా. దాన్ని మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

"వద్దు. అది ఆ పిల్ల వంతు," అంది.

ఇద్దరూ ఆగారు. చాలాసేపు ఆగారు. పిల్ల గొంతులోంచి ముందు గాలి వచ్చింది, తర్వాత బొంగురుగా ఒక స్వరం, దాని వెనక ఇంకొకటి. మాటలు లేవు, శ్రుతి కూడా కాస్త తప్పింది. అయినా చరణం పూర్తయింది. మొదటినుంచి చివరిదాకా రెండు గొంతులతో ఒక్కసారి వినబడి, ఆగిపోయింది.

పిల్ల పకపకా నవ్వింది. రైలుబండి ఏడ్చేసింది.

"నువ్వు టీచరువయ్యావమ్మా," అంది పెద్ద టీచరు. తర్వాత ఫ్యాను కిందకి వెళ్లి నిలబడింది. ఏమీ వినబడలేదు. కూతురు మళ్లీ పోయినట్టు అనిపించింది ఆమెకి.

"ఆ కిటికీలు తియ్యమ్మా," అంది కాసేపటికి. "ఉక్కగా ఉంది."