రానట్టు ఉండాల్సిన భాష

ఆ రోజు ఇంట్లో ఉన్నది యజమానురాలు, మంచం దిగలేని ఆవిడ తల్లి, డ్రైవరు, పిన్ని, ఆ పిల్ల. కుక్క కూడా ఉంది గానీ దానికి ఆ ఇంటి భాష పుట్టినప్పటినుంచీ వచ్చు కాబట్టి దాని సంగతి వేరు.

పరాయి దేశానికి పనికి వచ్చిన కొత్తలోనే పిన్ని పిల్ల చెవిలో ఊదింది. "భాష వచ్చినా రానట్టే ఉండు. వచ్చిందని తెలిస్తే పని రెట్టింపు, తిట్లు నాలుగింతలు." పిన్నికి ఆ బెడదే లేదు. ఏం చెప్పినా నవ్వి తలూపేది, బకెట్టు తెమ్మంటే చీపురు తెచ్చేది.

పిల్లకి మాత్రం ఆ ఇంటివాళ్ళ మాటలు చెవి చుట్టూ తిరిగి తిరిగి చివరికి లోపలికి దూరాయి. తల దువ్వుతుంటే ముసలమ్మ దువ్వెన చూపించి ఒక మాట, కిటికీ చూపించి ఒక మాట చెప్పేది. పిల్ల గొంతు రానివ్వకుండా పెదవులు కదిపేది. ముసలమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది.

భోజనాలయ్యాక పిల్ల బల్ల తుడుస్తోంది. యజమానురాలు డ్రైవరుతో ఆమె ఎదుటే మాట్లాడుతోంది, కుర్చీ ఎదుట మాట్లాడినట్టు.

"పెద్దదాన్ని ఇప్పుడే మా అక్క ఊళ్ళో దింపెయ్. బజారుకనుకుంటోంది, ఎక్కుతుంది."

"మరి చిన్నది?"

"అమ్మకి అలవాటైంది. ఇక్కడే ఉంటుంది. ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుంది."

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "ఇదివరకు అక్కడికి పంపినామె ఏమైందో ఇప్పటికీ తెలీదమ్మా."

"నిన్నడిగానా?"

పిల్ల చెయ్యి ఆపలేదు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచి, మెల్లగా ఇస్త్రీ గదిలోకి జారుకుంది.

"పిన్నీ, కారెక్కకు. నిన్ను ఇంకో ఊరు పంపేస్తున్నారు."

"ఓసి పిచ్చిమొహమా! బజారుకనే కదా పొద్దున సైగ చేసి మరీ చెప్పులిచ్చింది. నాలుగు ముక్కలొచ్చేసరికి నీకు ఇంట్లో దెయ్యాలు కనపడుతున్నాయే?"

"నీ మీద ఒట్టు పిన్నీ!"

"నా మీదెందుకే, నీ మీద వేసుకో." పిన్ని నవ్వుతూ కొత్త చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

బళ్ళో హాజరు పలకడానికే గొంతు పెగిలేది కాదు ఆ పిల్లకి. ఇప్పుడు హాల్లోకి వెళ్ళి యజమానురాలి ఎదుట నిలబడి, ఆవిడ భాషలోనే అంది.

"అమ్మగారూ, పిన్నిని పంపకండి. పంపితే నన్నూ పంపండి."

యజమానురాలు ముందు ముచ్చటపడింది. "అచ్చం మా అమ్మలాగే సాగదీస్తున్నావే!" తర్వాత, నవ్వు మొహంమీద అలాగే ఉండగానే, కళ్ళు ఏవేవో పాత మాటలు వెతుక్కున్నాయి. "ఎప్పటినుంచి అర్థమవుతోంది?"

ఇవాళే అని బొంకితే సరిపోయేది. పిల్లకి తోచలేదు. "చలికాలం నుంచి."

"అయితే ఆ పోయినామె సంగతి కూడా విన్నావు."

పిల్ల తలూపింది. ఊపాక గానీ ఊపకూడదని తెలియలేదు.

"రామ్మా, కూర్చుని మాట్లాడుకుందాం." యజమానురాలు భుజంమీద చెయ్యి వేసి వెనకవైపు సామాను గదిదాకా నడిపించింది. ముసలమ్మ మంచంమీంచి అరిచింది. "దాన్ని వదలవే! అది చెప్పిందాంట్లో తప్పేముంది?" పిల్లకి ఒక్క మాట పొల్లుపోకుండా అర్థమైంది.

బయట పిన్ని గొంతు తెలుగులో డ్రైవరుని అడుగుతోంది. "బజారుకే కదా బాబూ?"

"పిన్నీ!" పిల్ల వెనక్కి తిరిగింది.

యజమానురాలు ఆమెను లోపలికి నెట్టి తలుపు వేసేసింది.