ఇరవై ఒకటో తలుపు

పొద్దున్నే చూస్తే, మగ్గం మీదున్న పెళ్లిచీరలో ఒక్క చిలకా లేదు.

చీర ఎక్కడా చిరగలేదు. కొమ్మలున్నాయి, ఆకులున్నాయి. చిలకలు కూర్చున్నచోట కొమ్మలు ఇంకా కాస్త కిందికి వంగే ఉన్నాయి. ఎల్లుండి మా ఆడపడుచు లోకేశ్వరి ఈ చీర కట్టుకుని పెళ్లిపీటల మీద కూర్చోవాలి.

కంప్యూటరు తెరిచి డిజైను చూస్తాను. అందులోనూ కొమ్మలే.

ఆ చిలకల్ని గీసింది మా అత్త వీరనారమ్మ. ధర్మవరంలో ఇంకెవరి చేతికీ ఆ ముక్కు వంపు రాదు. కాగితం, పెన్సిలు తెచ్చి ఆమెకే ఇస్తాను. ఆమె గీస్తుంది. గీత ఎక్కడా వంగకుండా కాగితం దాటి, బండల మీదుగా వాకిట్లోకి పోతుంది. ఆమె పెన్సిలు పక్కన పెట్టి అరచెయ్యి చూపిస్తుంది. అది కొత్త పళ్లెంలా నున్నగా ఉంది.

"గీతలన్నీ పోయినాయి మ్మే. పోతే పోనీ, చెయ్యి చూపిచ్చుకోమని ఎంటబడేటోళ్ల పీడ వదిలింది."

"నొప్పిగా ఉందా అత్తా?"

"సల్లగుంది. ముందు చిలకల సంగతి చూడు. పెండ్లికూతురు ఉత్త ఆకులు కట్టుకుంటాదా?"

నా అనుమానం మరిది ఓబులేసు మీదికి పోతుంది. మా కంప్యూటరు కాలిపోయినా డిజైన్లు బతకాలని, ఎక్కడో దూరాన ఉన్న సర్వరుకు ఎఫ్‌టీపీ అనే దారిన రోజూ ఒక నకలు చేరేలా నిన్ననే ఏర్పాటు చేశాడు. వెళ్లేసరికి వసారాలో కూర్చుని బొరుగులు తింటున్నాడు.

"నకలే పంపినా వదినా. అసలును ముట్టుకోలేదు, మా అమ్మ చేతి మీద ఒట్టు."

"మీ అమ్మ చేతిలో గీతలే లేవు. ఒట్టు జారిపోతుంది. ఇంకోటి పెట్టుకో."

బొరుగులు నమలడం ఆపేస్తాడు.

"అట్లయితే ఎవురో పాస్‌వర్డు విన్నారు. ఈ ఎఫ్‌టీపీతో చిక్కే అది. గుట్టుగా చెప్పేకి కాదు, అందరూ వినేటట్టు అరవాల. నిన్న మగ్గం పక్కన నిలబడి అరిచినా."

"అప్పుడు అక్కడ ఎవరెవరున్నారు?"

"ఎవురూ లేరు. నేనూ, చీరా."

"సర్వరుకు దారేది?"

"మగ్గం గుంతలో దిగు. ఇరవై ఒకటో తలుపు. ఎఫ్‌టీపీ ఇంకో తలుపు తట్టదు."

మగ్గం గుంతలో కాళ్లు పెడతాను. ఇవాళ అడుగు తగలదు. తలుపులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, అన్నింటికీ పసుపు రాసి ఉంది. ఇరవై ఒకటోది చేతికి వెచ్చగా తగులుతుంది.

"ఎవరు?" అంటుంది తలుపు.

"వీరనారమ్మ కోడలు కుళ్లాయమ్మని."

"పాస్‌వర్డు?"

"అలసందవడ!" అని ఓబులేసు చెప్పి పంపిన మాటను గొంతెత్తి అరుస్తాను.

పైన వీధిలోంచి ఎవరో "వేడిగున్నాయా?" అని అడుగుతారు. తలుపు తెరుచుకుంటుంది.

లోపలి గది అచ్చం మా మగ్గాల ఇల్లే, కాకపోతే పొడవు పెరుగుతోంది. నేనొక అడుగు వేస్తే అవతలి గోడ రెండడుగులు వెనక్కి జరుగుతుంది. నేలంతా పచ్చటి పట్టు పరిచి ఉంది. దూలాల మీద మా చిలకలన్నీ వరుసగా కూర్చున్నాయి. ఒక్కో చిలక కాలి గోళ్ల మధ్య ఒక్కో సన్నటి గీత. అవి మా అత్త అరచేతి గీతలు. ఎక్కడున్నా గుర్తుపడతాను.

"తలుపు తీసిందెవరు?" అంటాను.

"తలుపు తీసిందెవరు?" అంటాయి చిలకలు, నా గొంతుతోనే.

"పెళ్లి ఎల్లుండే."

"పెళ్లి ఎల్లుండే."

చిలకలు నేర్పిన మాటే అంటాయి. నేరం ఒప్పుకోవడం వీటికి ఎవరూ నేర్పలేదు.

దూలం కొసన కొంగుమూల చిలక ఉంది. మా అత్త మొట్టమొదట గీసింది దాన్నే. నేసేటప్పుడు జరీ చాలక తోక పొట్టిగా మిగిలింది. అది ఒక్కటే నా మాట తిరిగి అనలేదు. గొంతు సవరించుకుని, ఎవరూ నేర్పని మాటలు మాట్లాడుతుంది.

"తీసింది నేనే. ఓబులేసు అరిచిన మాట ఇన్నా, నేర్చుకున్నా, అరిచినా. వీళ్లందర్నీ పిల్చుకొచ్చింది గూడా నేనే. బొమ్మలకు నకలు పెట్టుకున్నారు, బాగుంది. బొమ్మేసే చేతికి నకలుండాలని మీలో ఒక్కరికీ తోచలేదే! అందుకే ఆమె నిద్దర్లో ఉంటే తలా ఒక గీత తెచ్చినాం. నకలు తీసుకునేది అయిపోయింది. కొంగు పట్టు, అసలు గీతలు పోస్తాం. పోయి ఆమెకియ్యి. నువ్వు పైకెక్కే లోపల చీరలో ఉంటాం. ఈ గది కొసకు చూడు, ఆ నకలు చెయ్యి ఒక్కటే కూర్చోని నేస్తాంది, మనిషి లేకుండా. నిన్ను చూసి ఊపుతాంది గూడా. ఇంకొక్క తప్పు ఒప్పుకుంటా. ఎట్లాగూ చెయ్యి దొరికింది గదా అని, నా తోక రవ్వంత పొడుగు చెయ్యమని అడిగినా. అది నేసేది ఇంగా నిలపలేదు. నువ్వు నిలబడింది నా తోక మీదే తల్లీ, కొంచెం పక్కకు జరుగు."