అత్తకు నేర్పిన ఊపిరి

ఇస్త్రీ పెట్టె దుప్పటి ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరేదాకా ఆమె ఊపిరిని మెల్లగా వదిలింది. ఆసుపత్రి లాండ్రీలో ఆవిరికి గోడలకు కూడా చెమట పడుతుంది. మధ్యాహ్నానికల్లా అందరికీ నడుములు పట్టేస్తాయి, నోళ్లు లేస్తాయి. ఈమె మాత్రం భోజనాల గంట కొట్టగానే మూటల వెనక్కి వెళ్లి, చేతులు పైకెత్తి నిటారుగా నిలబడుతుంది. నడుం వంచి నేలను తాకుతుంది. ఆపైన కళ్లు మూసుకుని కూర్చుంటుంది.

“ఏమ్మా యోగినీ, గాల్లోకి లేచిపోతావా ఏంటి? పోయేముందు ఈ దుప్పటి కొస పట్టుకో,” అంది జతగా మడతలు పెట్టే ఆవిడ.

“లేస్తే నిన్నూ మూటగట్టుకుపోతాలే అక్కా.”

భర్త పోయిన కొత్తలో ఆమెకు గుండెదడ పట్టుకుంది. వేడి పెట్టెను దుప్పటి మీదే వదిలేసి గోడ పట్టుకునేది. పని ఊడటం ఖాయమనుకున్న రోజుల్లో వీధి చివర హాల్లో ఒక ముసలి మాస్టారు నేర్పిన విద్య ఇది. ఆసనాలు ఒంటిని నిలబెట్టాయి. ఏడుపు పోలేదు కానీ, వచ్చినప్పుడు దాన్ని పక్కన కూర్చోబెట్టుకోవడం తెలిసింది.

ఇంట్లో మిగిలింది అత్త. కోడలు ముక్కు పట్టుకుని కూర్చున్నప్పుడల్లా “ఊరికే వచ్చే గాలికి కూడా పాఠాలేమిటే?” అని నవ్విన మనిషి. ఈ ఏడు ఆ గాలే కరువైంది. ఊపిరితిత్తులు ఇక బాగుపడవు, ఉన్నన్నాళ్లు భయపడకుండా చూసుకోమంది డాక్టరు. ఆ భయాన్నే కోడలు చూడలేకపోతోంది. సాయంత్రమయ్యేసరికి అత్త కళ్లు నీళ్లలో మునిగేవాళ్ల కళ్లలా అయిపోతాయి. అదొక్కటి పోతే చాలనుకుంది.

ఆ సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి అత్త మంచం మీద కూర్చుని కట్టుడుపళ్లు తీసి గిన్నెలో వేస్తోంది.

“రా, నీ పాఠమేదో చెప్పు.”

తనంతట తాను అడగడం అదే మొదలు. కోడలు వెనక కూర్చుని ఆ వీపును తన గుండెకు ఆనించుకుంది.

“మెల్లగా పీల్చండి అత్తయ్యా. అంతకంటే మెల్లగా వదలండి. వదిలాక కంగారు పడకుండా కాసేపు ఆగండి. తర్వాతది దానంతటదే వస్తుంది.”

“వాడు పోయాక దీని మీదే బతికావా?”

“దీని మీదా, మీ తిట్ల మీదా.”

అత్త నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగలేదు. బిగుసుకున్న భుజాలు జారాయి. కాసేపు ఇద్దరి ఊపిరీ ఒకే తీరున నడిచింది. ఒకసారి అత్త చాలా పొడుగ్గా వదిలి ఆగింది.

“భేష్ అత్తయ్యా. అలాగే.”

కోడలు కూడా ఆగింది. ఉండబట్టలేక తనే ముందు పీల్చేసింది. అత్త ఇంతసేపు ఆగగలిగిందే అని మురిసిపోయింది కూడా.

“ఇక చాలు, పీల్చండి.”

అత్త తల వెనక్కి, ఆమె భుజం మీదికి వాలింది. ముఖంలో భయం లేదు.

పక్కింటావిడ వచ్చి లైటు వేసేదాకా కోడలు కదలలేదు. పొద్దున హడావుడిలో తను నేల మీదే వదిలేసిన ఆసనాల దుప్పటి అప్పుడు కనిపించింది. మంచం మీదే, అత్త కాళ్ల వైపు, అంచుకు అంచు కలపబోయి కుదరని వంకర మడతల్లో, ఒక కొస వేలాడుతూ ఉంది.