తుప్పు పట్టే చాకు

మా మావయ్యగారు శ్రీరామమూర్తిగారికి రెండే పిచ్చులు, రెండూ స్విట్జర్లాండ్‌వే. ఒకటి గడియారాలు, రెండోది మడతచాకులు. ఆ మధ్యాహ్నం ఆ రెండో పిచ్చి వెళ్ళి మా ఇంట్లో పనిచేసే ఆంజనమ్మ మెడకు చుట్టుకుంది.

దోహా శివార్లలో, ఉమ్ సలాల్‌లోని మా విల్లా హాలులో ఆయన గాజుమూత పెట్టె తెరిచి ఉంది. మర్నాడు దోహాలో మన తెలుగువాళ్ళు పెట్టే ప్రదర్శనకు అది వెళ్ళాలి. బంగారు జేబుగడియారం ఉన్నచోటే ఉంది. ఎర్ర చాకులన్నీ వరసగా ఉన్నాయి. మధ్యలో ఒక్క మఖమల్ గుంట ఖాళీ. అందులో ఉండాల్సింది స్విస్ సైన్యం మొట్టమొదట వాడిన సిపాయి చాకు, నల్లబడిన చెక్కపిడిది. కింద నేలమీద ఆంజనమ్మ సూట్‌కేసు బార్లా తెరిచి ఉంది. మావయ్యగారు చెప్పినందుకు డ్రైవర్ మౌలాలి తల దించుకుని ఆమె చీరలు ఒక్కొక్కటే మడత విప్పి దులుపుతున్నాడు.

ఇదంతా నేను నా గది తలుపు సందులోంచి చూస్తున్నాను. నాకింకా పురుడు వెళ్ళలేదు. మర్నాడే పదకొండో రోజు స్నానం. అంతవరకూ బాలింత గడప దాటకూడదని మా అత్తయ్యగారు కమలాదేవిగారి శాసనం. నా భర్త సిద్ధార్థ్ దూరంగా అల్ రువైస్‌లో డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. ఇంట్లో ఉంటే మాత్రం ఏం చేస్తాడు, తండ్రి ఎదుట నోరు మెదపడు.

"ఏమీ లేదు సార్" అన్నాడు మౌలాలి.

"లోపలి జేబు చూశావా?"

"సూసినా సార్."

మావయ్యగారు ఆంజనమ్మ వైపు తిరిగారు. "ఇచ్చెయ్. ఎవరికీ చెప్పను. ఇక్కడితో వదిలేద్దాం."

"నేను తీయలే సార్. పక్కన బంగారు గడియారం పెట్టుకోని, ఆ తుప్పు కత్తి నాకేల సార్?"

"దాని విలువ తెలిసినవాళ్ళెవరో నీచేత తీయించారు."

చదువుకున్న మనిషి మొండికేస్తే ఇలాగే ఉంటుంది. ఎదుటివాళ్ళ తెలివైన మాటను కూడా సాక్ష్యం కిందే జమ కట్టేస్తాడు. అప్పటికే ఆమెను మాకు పంపిన మన్‌పవర్ కంపెనీకి ఫోన్ చేసేశారు. వాళ్ళ మనిషి దారిలో ఉన్నాడు. అతను వస్తే తర్వాత పోలీస్ స్టేషనే. కేసు పడితే ఆంజనమ్మను వెనక్కి పంపేస్తారు, మళ్ళీ ఇక్కడ అడుగు పెట్టనివ్వరు. రాయచోటి దగ్గర పల్లెలో పిల్లల్ని చెల్లెలి దగ్గర వదిలి వచ్చిన మనిషి ఆమె.

ఆ చాకు కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అన్నం దగ్గర కూర్చుంటే చాలు, మావయ్యగారు మొదలుపెట్టేవారు. జెనీవాలో మతపెద్దలు నగలు పెట్టుకోవద్దని కట్టడి చేస్తే అక్కడి కంసాలులు గడియారాలకు మళ్ళారట. కొండల్లో రైతులు మంచు కురిసే నెలల్లో పొలం పని ఉండక, కిటికీ పక్కన కూర్చుని గడియారం చక్రాలు అరగదీసేవారట. తర్వాత సిపాయిలకు తుపాకీ మరలు విప్పడానికీ, డబ్బాల్లో తిండి తెరుచుకోవడానికీ ఒక మడతచాకు కావలసి వచ్చింది. మొదటి విడత జర్మనీలో చేయించుకున్నారు. తమ దేశంలోనే చేయాలని ఒక స్విస్ కత్తుల పనివాడు పట్టుబట్టాడు. ఇక్కడికి వచ్చేసరికి మావయ్యగారి గొంతు, సొంత తాతగారి సంగతి చెప్తున్నట్టు వణికేది. చివర ఎప్పుడూ ఒకటే మాట. "తుప్పు పట్టని ఉక్కు తర్వాతెప్పుడో వచ్చింది. ఈ ఇంట్లో తుప్పు పట్టే చాకు ఇదొక్కటే. అసలు సిసలు ఇనుము." మేం తలలూపి మజ్జిగ పోసుకునేవాళ్ళం. ఇన్నేళ్ళుగా చెప్తున్నా ఒక్కరూ వినరని ఆయన విసుక్కునేవారు.

పాప కదిలింది. తడిపేసింది. హాలు వైపు ఒక చెవి ఉంచి, తొట్టిలోని పక్కగుడ్డ మార్చి పరుపు సర్దబోతే చేతికి గట్టిగా ఏదో తగిలింది. పసుపు రాసిన గుడ్డలో చుట్టి ఉంది. విప్పి చూశాను. నల్ల చెక్కపిడి.



అత్తయ్యగారు ఎప్పుడు వచ్చారో, తలుపు చేరవేసి నా మణికట్టు పట్టుకున్నారు. "బయటికి తియ్యకు ధాత్రీ."

"మీరు పెట్టారా?"

"రేపు స్నానం కాగానే నేనే తీసి ఆ పెట్టెలో సర్దేస్తాను. ఈ ఒక్కరోజు ఓర్చుకో."

"అత్తయ్యగారూ, బయట ఏం జరుగుతోందో వినిపిస్తోందా మీకు?"

"వినిపిస్తోంది" అన్నారు. ఆవిడ పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"గాలీ ధూళీ సోకకుండా పాప పక్కలో ఇనుమే కావాలంటే వంటింట్లో అన్ని కత్తులున్నాయి కదండీ."

"అన్నీ స్టీలేగా. తుప్పు పట్టనిది ఇనుమెలా అవుతుంది? మీ మావయ్యే చెప్పారు, ఇదొక్కటే అసలుదని."

ఇంతకాలం ఆ ఉపన్యాసం శ్రద్ధగా విన్నది ఈవిడన్నమాట. నాకు ఒళ్ళు మండింది. ఒక ఆడమనిషి బట్టలు హాలులో పరిచి పెట్టి, ఈ గదిలో మేం గుసగుసలాడుకుంటున్నాం. గట్టిగా ఏదో అనబోయాను. అంతలో ఆవిడ చెప్పారు.

"సిద్ధూ కంటే ముందు నాకొక ఆడపిల్ల."

ఈ మాట ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

"మా అమ్మ దాని పక్క కింద కొడవలి పెట్టింది. మీ మావయ్య చూసి పకపకా నవ్వారు. చదువుకున్నవాళ్ళ ఇంట్లో ఇదేం అనాగరికమని తీసి పెరట్లో పారేశారు. పురుడు వెళ్ళకుండానే పిల్ల పోయింది. జ్వరమన్నారు డాక్టర్లు. జ్వరమే అయ్యుంటుంది, నాకు తెలీదా. అయినా ఆ కొడవలి ఉండి ఉంటే, అని ఇవాళ్టికీ అనిపిస్తుంది."

నేను పనిచేసేది రక్తపరీక్షల ల్యాబ్‌లో. పసిపిల్లలకు జ్వరం ఎందుకు వస్తుందో పది మందికి చెప్పగలను. చాకు చేతిలోనే ఉంది. హాలులోకి నాలుగడుగులు. పాప మొహం చూశాను, నా కాలు కదల్లేదు. భయం వేసింది, అంతే. అత్తయ్యగారి భయం నాకూ అంటుకుంది.

గేటు దగ్గర కారు ఆగింది. కంపెనీ మనిషి ఫయాజ్ లోపలికి వచ్చాడు. హైదరాబాద్ పాతబస్తీ వాడు, చాలా కాలంగా ఇలాంటి తగవులే చూస్తున్న గొంతు.

"యల్లా, జల్దీ చెప్పమ్మా. తీసినవా లేదా? ఇప్పుడిచ్చేస్తే సార్ ఊకుంటరు, కేస్ మాఫీ. లేదంటే నాతోని స్టేషన్‌కి నడువు."

"నా బిడ్డల మింద ఒట్టు సార్, నేను తీయలే."

"అందరు గట్లనే అంటరు. ఫోన్ల నీ పిల్లల ఫోటో ఉందా? దానిమీద చెయ్యి పెట్టి చెప్పు. అప్పుడు నమ్ముత."

తలుపు సందులోంచి చూశాను. ఆంజనమ్మ రొంటిన ఉన్న ఫోన్ తీసి ఫోటో కోసం వెతుకుతోంది. తడి వేళ్ళకు స్క్రీన్ పలకడం లేదు. చీర కొంగుతో చెమట తుడుచుకుని మళ్ళీ వెతికింది.

నా మణికట్టు మీద అత్తయ్యగారి పట్టు సడలింది. "మన పిల్ల కోసం దాని పిల్లల మీద ఒట్టా" అన్నారు, నాతో కాదు. నా చేతిలోంచి చాకు తీసుకుని తలుపు తెరుచుకుని వెళ్ళారు. పాపను ఎత్తుకుని నేనూ గడప దాటాను.

"ఒట్టు వెయ్యకు ఆంజనమ్మా. కత్తి తీసింది నేను."

మావయ్యగారు తెల్లబోయారు. "నువ్వా? ఎక్కడ పెట్టావు?"

"పాప పక్క కింద. ఇనుమని మీరే చెప్పారు కదా."

ఆయన పెదవులు కదిలాయి. నవ్వబోతున్నారనిపించింది నాకు. అత్తయ్యగారికీ అలాగే అనిపించినట్టుంది.

"ఈసారి నవ్వకండి" అన్నారు.

ఆయన నవ్వలేదు. చాకు అందుకున్నారు. పెట్టెలో పెట్టడం మరిచిపోయి కుర్చీలో కూలబడ్డారు. "అది నూతి పక్కన పడింది. మర్నాడు వెతికాను, కనబడలేదు" అన్నారు. కొడవలి సంగతి అని నాకూ అత్తయ్యగారికీ తప్ప అక్కడెవరికీ అర్థం కాలేదు.

ఫయాజ్ ఖలాస్, అయిపోయింది అనుకుంటూ వెళ్ళిపోయాడు. మౌలాలి చీరలు మడతపెట్టబోయాడు.

"ఉండనీ అన్నా, నేను మడుచుకుంటా."

"ఆంజనమ్మా" అన్నారు అత్తయ్యగారు. మావయ్యగారు తల ఎత్తనే లేదు. క్షమించమని నేనైనా అనాల్సింది, అనలేదు.

ఆంజనమ్మ మా ఎవరి మొహమూ చూడలేదు. నేలమీద సూట్‌కేసు పక్కన పడి ఉన్న తాళం కప్ప తీసుకుంది. ఊరి సంతలో కొని తెచ్చుకున్న బరువైన ఇనుప కప్ప అది. నా గదిలోకి వెళ్ళి, నేను విప్పి పడేసిన పసుపు గుడ్డలో దాన్ని చుట్టి, తొట్టిలో పరుపు కింద పెట్టి పక్క సరిచేసింది.

"రేపటి దాంకా ఉండనీండి పెద్దమ్మా. ఇదీ ఇనుమే."

"మరి నీ పెట్టెకో?" అన్నారు అత్తయ్యగారు.

"నా పెట్టెకు ఇంగ బీగమేల పెద్దమ్మా. అందరూ సూసినారు గదా."